ఆమె గొంతు దాకా దించిన ఆరు తీగలు

అరవై ఎనిమిదేళ్ల వయసులో నీకు గిటారు ఎందుకని మా ఊళ్లో నన్ను అడగని మనిషి లేడు. మా ఆవిడ పాడడం ఎందుకు మానేసిందని అడిగిన మనిషి మాత్రం ఒక్కడూ లేడు. రెండో ప్రశ్న అడిగి ఉంటే మొదటిదానికి జవాబు దానంతట అదే దొరికేది. అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మాది దుమ్ముగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో ఒక చిన్న ఊరు. రోడ్డుకు ఇటు మిరప చేలు, అటు కొంచెం దూరం పోతే అడవి. భద్రాచలం గుడి అంత దగ్గరగా ఉన్నా ఊరికంటూ ఒక రాముడు ఉండాలి కదా, చిన్న రామాలయం కట్టుకున్నాం. అక్కడ ప్రతి శనివారం పొద్దుగూకే వేళకు భజన. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన ఏడాది నుంచీ ఆ భజనలో పాట ఎత్తుకునేది మా ఆవిడే. ఆమె ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లు అందుకునేవాళ్లు. హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన ఎన్నడూ తాను ముందు మొదలుపెట్టలేదు. ఆమె మొదటి మాట పాడాక, ఆ గొంతు ఎక్కడ ఉందో వేళ్లతో తడుముకుంటూ వచ్చి, దొరకగానే ఒకసారి తల ఊపి అప్పుడు గాలి పోసేవారు. వయసు పెరిగే కొద్దీ ఆమె గొంతు కిందికి దిగింది. ఆయన వేళ్లు కూడా ఏడాదికింత ఎడమ పక్కకు జరిగాయి. ఈ సంగతి వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ అవసరం రాలేదు.

తర్వాత ఆయన చేతులు వణకడం మొదలైంది. హార్మోనియం పెట్టె మూసి గుడి మూలకు పెట్టేశారు. కొన్ని వారాలు ఉత్త తాళాలతోనే భజన నడిచింది. ఒక శనివారం మా భజన కమిటీ సెక్రటరీ చిన్న గుమ్మడికాయ అంత స్పీకర్ ఒకటి తెచ్చి దేవుడి ముందు పెట్టాడు. వరసకు నాకు అన్న కొడుకు అవుతాడు.

"ఇగ మనకు పెట్టెతోని పనిలేదు కాకా. మ్యూజిక్ మొత్తం దీంట్లనే ఉన్నది. మనం పాడుడే" అన్నాడు.

ఆ మ్యూజిక్ ఎవరో ఎక్కడో పాతికేళ్ల గొంతు కోసం చేసిపెట్టింది. మా ఆవిడ దాన్ని అందుకోవాలని రెండు పాటలు మెడ నరాలు ఉబ్బేదాకా పాడింది. మూడో పాటలో పైకి పోయే చోట గొంతు చీలింది. ఆమె ఆగింది. స్పీకర్ ఆగలేదు. మనిషి లేకుండా అది తన దారిన తాను పోతూనే ఉంది. ఆ ఖాళీలో వెనక వరసలోంచి ఒకామె, "అక్కకు దమ్ము సాల్తలేదే" అంది. చెడ్డ మనసుతో అన్నది కాదు. కానీ ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, మా ఆవిడ గడపలోనే చెప్పింది.

"వచ్చే వారం నుంచి నేను రానని చెప్పు వాళ్లకు."

"ఎందుకే?"

"మిషిను మంచిగనే పాడ్తున్నది గదా. నడుమ నేనెందుకు?"

మర్నాడు పొద్దున్నే సెక్రటరీ ఇంటికి వెళ్లాను. దాన్ని కొంచెం తగ్గించరా అన్నాను. అవ్ కాకా అని స్పీకర్ మీద బటన్ నొక్కి చప్పుడు తగ్గించి చూపించాడు.

"సౌండ్ గాదురా. శృతి, శృతి తగ్గియ్యి."

"గది తగ్గదు కాకా. గది ఫిక్స్."

శృతిని తగ్గించే ఏర్పాటు కూడా ఫోన్లలో ఉంటుందని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఉంటే ఉండనీ. తగ్గించినా అది ఆమె కోసం ఆగదు కదా? ఆగని దానితో కలిసి పాడడం, బస్సు వెనక పరుగెత్తడం, రెండూ ఒకటే.

మా ఆవిడ భజన మానేయడమే కాదు, ఇంట్లో కూనిరాగం కూడా మానేసింది. అన్నం వార్చేటప్పుడు, వాకిలి ఊడ్చేటప్పుడు తనకే తెలియకుండా వచ్చే ఆ సన్నటి రాగం నలభై ఐదేళ్లుగా మా ఇంట్లో ఉంది. అది పోయాక ఇల్లు ఎంత ఖాళీ అయిందో చెప్పలేను. ఆమెను మళ్లీ ఆ గుళ్లో పాడించాలి అనుకున్నాను. అనుకుంటే ఆగే రకం కాదు నేను. నన్ను బడికి పంపలేదు. సైకిల్ రిపేరు పనిలో చేరాక, బాల్ బేరింగులు చుట్టి వచ్చే కాగితాల మీద అక్షరాలు పట్టుకుని, తెలిసినవాళ్లను అడిగి, తెలియనివాళ్లతో పోట్లాడి చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ రాత ఆ కాగితాల పుణ్యమే.

ముందు హార్మోనియం బాగుచేయిద్దామనుకున్నాను. దాన్ని ఆటోలో వేసుకుని భద్రాచలంలో వాయిద్యాలు బాగుచేసే భాయ్ దుకాణానికి తీసుకుపోయాను. వాళ్ల తాత కాలం నుంచి అదే పని. ఆయన పెట్టె వెనక పలక విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఎలుకలు తోలంతా కొట్టేసినయన్నా. లోపల మోగే రీడ్లకు జంగు పట్టింది, అన్నీ తుప్పే. మరమ్మత్తు చేసినా వాయించేటోడు ఎవరు? నువ్వా?"

"నేర్చుకుంట."

"ఒక్క పాట ఒక్క శృతిల వాయించుడు వేరే. గొంతు ఏడికి పోతే గాడికి వేళ్లు మార్చుడు వేరే. మీ పెద్దాయన చేసింది గదే. గది నీకు గింత జల్దీ రాదు."

నాకు ఒళ్లు మండింది. వచ్చేదేదో, రానిదేదో ముందే చెప్పే జనమంటే నాకు మొదటి నుంచీ పడదు. నా మొహం చూసి భాయ్ నవ్వి, గోడకు వేలాడుతున్న గిటారు దించాడు. మెడ దగ్గర విరిగితే అతికించమని ఎవరో ఇచ్చి, మళ్లీ రానే లేదట. దాని తలకాయ దగ్గర ఉన్న బిరడా ఒకటి తిప్పి, తీగ మీటి వినిపించాడు. ఇంకొంచెం వదులు చేసి మళ్లీ మీటాడు. చప్పుడు బరువెక్కి కిందికి దిగింది.

"గిది సూడు. గొంతు దిగితే తీగె గుడ దిగుతది. తీస్కపో. వాయిస్తే నీది. చాతకాకుంటే తెచ్చి మల్ల గీ మేకుకే తగిలియ్యి."

ఆ మేకుకు మళ్లీ తగిలించకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

పెట్టెను భాయ్ దగ్గరే వదిలేశాను. బస్సు దిగి గిటారు భుజాన వేసుకుని నడుస్తుంటే చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లకు పండగే అయింది.

"ఏంది పెద్దయ్యా, సినిమాల ఛాన్స్ వచ్చిందా?"

"అవ్. మీ అయ్య వేషం ఇస్తమన్నరు" అన్నాను.

ఇంట్లో మా ఆవిడ దాన్ని ఒకసారి ఎగాదిగా చూసింది. మంచం మీద పెట్టబోతే, "గా కట్టెను దండేనికి తగిలియ్యి, దుప్పటి మీద వద్దు" అంది. ఎందుకు తెచ్చావని అడగలేదు. నేనూ చెప్పలేదు. అది తన కోసమని తెలిస్తే మర్నాడే భాయ్ దుకాణానికి తిప్పి పంపేది.

భద్రాచలంలో ఒక అమ్మాయి ఆదివారాలు పిల్లలకు గిటారు నేర్పుతుందని తెలిసి ఫోన్ చేశాను. భజన పాటలు వాయించాలన్నాను. చాలా మర్యాదగా మాట్లాడింది.

"సింపులే తాతా. మీకు మూడు కార్డులు చాలు. ఆ మూడు ఉంటే భజన పాటలు సగం వాయించొచ్చు. ఆదివారం ఆ మూడు కార్డులతోనే స్టార్ట్ చేద్దాం."

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మూడు కార్డులు పట్టుకుపోయాను. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, ఓటరు కార్డు. ఒక్కోదానికి రెండేసి జిరాక్సులు కూడా తీయించాను. ఎందుకైనా మంచిదని రెండు ఫొటోలు జేబులో వేసుకున్నాను. గదిలో పది పన్నెండేళ్ల పిల్లలు ఏడెనిమిది మంది గిటార్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను కవరు ఆ అమ్మాయి చేతికిచ్చాను. ఆమె తెరిచి చూసింది.

"ఇవి ఎందుకు తాతా?"

"నువ్వే గదా మేడం, మూడు కార్డులు కావాలంటివి."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత పిల్లలకు అర్థమైంది. ఆ నవ్వు ఎంతసేపు సాగిందో నేను చెప్పను. ఆ అమ్మాయి కూడా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. గిటారు మీద కొన్ని తీగలను ఒకేసారి నొక్కి, అన్నీ కలిపి మీటితే వచ్చే దాన్ని కార్డు అంటారట. ఇంగ్లీషులో ఆ మాట వేరే, జేబులో పెట్టుకునే కార్డు వేరే. రాయమంటే బోర్డు మీద రెండూ రాసి చూపించింది. సంగీతం దాంట్లో సి పక్కన ఒక హెచ్ ఉంటుందట. అది పైకి పలకదట.

"పలకని అక్షరాన్ని నేను ఫోన్ల ఎట్ల వినాలె మేడం?" అన్నాను. నేను కోపంగానే అడిగాను. పిల్లలు ఇంకా నవ్వారు.

ఇవాళ్టికీ ఆ తప్పు నాది కాదంటాను. దవాఖానాకు పోతే కార్డు, బియ్యానికి పోతే కార్డు, బస్సెక్కితే కార్డు. ఈ దేశంలో ముసలివాడిని ఎవడైనా ఏదైనా తెమ్మన్నాడంటే అది కార్డే. ఇంటికి పోయే బస్సులో కూర్చుని, వచ్చే ఆదివారం రాకూడదు అనుకున్నాను. అడవి మలుపు దాటేలోపే ఆ మాట మార్చుకున్నాను. ఆ పిల్లలు నవ్వినందుకు నేను మానేస్తే, ఆ ఆడవాళ్లు నవ్వినందుకు మా ఆవిడ మానేయడం న్యాయమే అని ఒప్పుకున్నట్టు అవుతుంది. ఒప్పుకోను.

మూడు కార్డుల పేర్లు జి, సి, డి. చెప్పడానికి మూడు అక్షరాలే. ఒక్కో దానికి మూడు వేళ్లు మూడు చోట్ల పెట్టాలి. పెట్టిన వేలు పక్క తీగను ముట్టకూడదు. నావి నలభై ఏళ్లు సైకిళ్లు బాగుచేసిన వేళ్లు. టైరు అంచు పట్టి లాగి లాగి చివర్లు బండబారి, వెడల్పయ్యాయి. నేను ఒక తీగ మీద వేలు పెడితే అది రెండిటి మీద పడుతుంది. మీటితే పాట రాదు, రేకు మీద రాయి పడ్డట్టు టప్ మంటుంది. నా వేళ్లు బండవి కాబట్టి తీగ నొప్పి ఉండదనుకున్నాను. అదీ తప్పే. నా వేళ్లకు పక్కల బండతనం ఉంది కానీ, సరిగ్గా తీగ ఆనే కొసల మీద లేదు. వారంలో ఆ కొసలు ఎర్రబడి బొబ్బలెక్కాయి. అన్నం కలుపుకునేది కుడిచేత్తో కాబట్టి సరిపోయింది.

"వేలు పడుకోబెట్టొద్దు తాతా. నిలబెట్టాలె" అని ఆ అమ్మాయి వందసార్లు చెప్పింది. చివరికి మోచెయ్యి ఒంటికి దూరంగా జరిపితే వేలు దానంతట అదే నిలబడుతుందని నాకు నేనే కనిపెట్టుకున్నాను. గోరు కొంచెం పెరిగినా వేలు నిలబడదు, అందుకని రోజు విడిచి రోజు ఎడమచేతి గోళ్లు తీసుకునేవాణ్ని. ఒక కార్డు పట్టడం వచ్చాక అసలు కష్టం మొదలైంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలి, అదీ తాళం తప్పకుండా. కుడిచెయ్యి ఒకటి రెండు మూడు నాలుగు అని కొడుతూనే ఉండాలి. నాలుగు అయ్యేసరికి ఎడమచేతి మూడు వేళ్లూ లేచి కొత్త చోట దిగాలి. నావి ఏడు లెక్కపెట్టేదాకా దిగేవి కావు.

దుకాణంలో ఇప్పుడు సైకిళ్ల కంటే మోటారు బండ్ల పంచర్లే ఎక్కువ. పని లేనప్పుడు గాలి పంపు గొట్టాన్ని గిటారు మెడలా పట్టుకుని వేళ్లు మార్చడం అలవాటు చేసుకున్నాను. జి, సి. సి, డి. ఒకసారి అడవి లోపలి గూడెం నుంచి ఇద్దరు పెద్దమనుషులు ట్యూబు అతికించుకోవడానికి వచ్చి, నన్ను చాలాసేపు చూసి వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వారు. వాళ్ల భాష నాకు సగం వస్తుంది. 'పాపం ఇతని చేతికి దురదగుంటాకు తాకినట్టుంది' అన్నాడు ఒకడు. నేను పంపు పక్కన పెట్టలేదు. వాళ్ల ట్యూబు ఆరేదాకా ఇంకో ఇరవై సార్లు మార్చాను.

ఎండాకాలం మొదలయ్యేటప్పటికి మూడు కార్డులూ తప్పకుండా మారడం వచ్చింది. మా ఆవిడ ఎప్పుడూ పాడే మూడు పాటలు ఎంచుకుని వాటికి సరిపెట్టుకున్నాను. తీగలన్నిటికీ శృతి ఆ అమ్మాయి చెప్పిన ప్రకారం ఫోన్ పెట్టి చూసుకునేవాణ్ని. తీగ మీటితే ఫోన్‌లో ముల్లు తిరుగుతుంది. సరిగ్గా ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. ఆరింటికీ ఆకుపచ్చ వచ్చాక ఒక సాయంత్రం మా ఆవిడ ఎదురుగా కూర్చుని మొదటి పాట మొదలుపెట్టాను.

ఆమె ఆ పాటను రెండు వరసల దాకా గుర్తుపట్టనట్టే నటించింది. తర్వాత చేతిలో చీపురు పక్కన పెట్టింది.

"గిందుకా నువ్వు ఇన్ని దినాలు గింత గోస పడ్డది?"

"పాడు" అన్నాను.

పాడింది. మెల్లగా మొదలుపెట్టింది. పైకి పోయే చోటు వచ్చింది. నేను వేళ్లు మార్చాను, సరిగ్గానే మార్చాను. ఆమె గొంతు మళ్లీ అక్కడే చీలింది. ఆమె నోరు మూసుకుని చీపురు తీసుకుంది.

"నీ తప్పేం లేదయ్యా. అయిపోయింది నాది" అంది.

అంత నెమ్మదిగా చెప్పిన మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. తిట్టినా బాగుండేది. నాకు నా మీదే కోపం వచ్చింది. స్పీకర్ చేసిన పనే నేనూ చేశాను. ఇంటికి ఇంకో స్పీకర్ తెచ్చాను, అంతే.

ఆదివారం ఆ అమ్మాయిని అడిగాను. కేపో అని ఒక బిగింపు చూపించింది. దాన్ని గిటారు మెడ మీద అడ్డంగా ఉండే మెట్ల మీద పెడితే శృతి మారుతుంది. కానీ అది పైకే పోతుంది. కిందికి రాదు.

"కిందికి కావాలంటే వేరే కార్డులు నేర్చుకోవాలె తాతా. కొంచెం కష్టమైనయి. ఒక్క వేలుతోని ఆరు తీగలు నొక్కేటివి."

మూడు కార్డులకు నాకు ఆరు నెలలు పట్టింది. ఇంకో ఆరు నెలలు మా ఇంట్లో ఆ నిశ్శబ్దాన్ని భరించే ఓపిక నాకు లేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద గిటారు ఒళ్లో పెట్టుకుని వాయించకుండా కూర్చున్నాను. మా ఆవిడ లోపల చాప పరుచుకుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఘాటుకు మధ్య మధ్య దగ్గుతోంది. నేను ఉన్న సంగతి మరిచిపోయినట్టుంది. దగ్గు తగ్గాక, చేతి పని ఒక తాళంలో పడ్డాక, ఆ సన్నటి కూనిరాగం మొదలైంది. ఎన్ని నెలల తర్వాతో. అదే పాట. కానీ ఎక్కడో కింద, నేల మీద నడుస్తున్నట్టు. పైకి పోయే చోట కూడా గొంతు అలవోకగా పోయి వచ్చింది. చీలలేదు. ఎవరి గొంతు అయిపోయింది? ఎవరిది?

ఆ పాట వచ్చి ఆగే ఇంటి స్వరం ఏదో నాకు తెలుసు. అది గిటారులో మూడో తీగ. దాన్ని గోటితో, నాకు మాత్రమే వినపడేలా మీటాను. ఆమె గొంతు కంటే పైన ఉంది. బిరడా కొంచెం వదులు చేశాను. మళ్లీ మీటాను. ఇంకొంచెం. ఆమె రాగం తిరిగి తిరిగి ఇంటికి వచ్చినప్పుడల్లా నేను ఒక వెంట్రుకవాసి దించుతూ పోయాను. ఒకచోట ఆమె గొంతు, తీగ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. అక్కడ ఆపాను.

మిగిలిన ఐదింటికి నాకు ఆమె అక్కర్లేదు, ఫోనూ అక్కర్లేదు. సైకిల్ చక్రం సొట్ట తీసేటప్పుడు స్పోకులు ఎంత బిగించాలో చెప్పే ముల్లు ఏదీ ఉండదు. చక్రం తిప్పుతూ ఒక్కో స్పోకు మీటి వినాలి. వదులుగా ఉన్నది మొద్దుగా మోగుతుంది, బిగుతుగా ఉన్నది టింగుమంటుంది. అన్నీ ఒకదానికొకటి కుదిరితే చక్రం తిన్నగా నడుస్తుంది. నలభై ఏళ్లు నేను చేసిన పని అది. గిటారుకూ పక్క తీగతో సరిచూసుకునే పద్ధతి ఉంది. ఒకదాన్ని ఐదో మెట్టు మీద నొక్కితే పక్కది ఖాళీగా మోగినట్టే మోగాలి, ఒక్కచోట మాత్రం నాలుగో మెట్టు. తొడిమల కుప్ప సగమయ్యేసరికి ఆరు తీగలూ ఆమె దగ్గరికి వచ్చి కూర్చున్నాయి. నేనేమీ వాయించలేదు. వాయిస్తే ఆమె ఆపేస్తుంది.

వదులైన తీగలు మెట్లకు తగిలి గరగరమన్నాయి. భాయ్ దగ్గరికి పోతే, "కింది శృతికి సన్న తీగెలు ఆగవన్నా, మోటువి వెయ్యాలె" అని మార్చి ఇచ్చాడు. ఆదివారం క్లాసులో ఆ అమ్మాయి నా గిటారు తీసుకుని మీటి మొహం చిట్లించింది. ఫోన్ పెట్టింది. ఆరూ ఎరుపే.

"మొత్తం అవుట్ ఉంది తాతా."

"నీ ఫోన్‌కు అవుట్. మా ఇంటామెకు కరెక్టు."

ఆమె నావైపు చూసి, గిటారు వైపు చూసి, నేను పట్టే కార్డులే పట్టి మీటింది. చక్కగా మోగాయి. ఒక్కో తీగనూ మళ్లీ ఫోన్‌లో చూసుకుంది.

"అన్నీ సమానంగ మూడు మెట్లు దిగినయ్. దేంతోని చూసిండ్రు?"

"చెవులతోని."

"గిట్ల గుడ చేస్తరు తాతా, పెద్ద పెద్దోళ్లే చేస్తరు. నాకే తట్టలే" అంది. ఒప్పుకోవడం తెలిసిన మనిషి. ఆ రోజు నుంచి నేను ఆమెను మేడం అనడం మానేసి బిడ్డా అంటున్నాను.

శనివారం వచ్చింది. మా ఆవిడతో గుడికి పోదామంటే రానంది. దేవుణ్ని చూసి వద్దాం, పాడొద్దు అన్నాను. నన్ను అనుమానంగా చూస్తూనే చీర మార్చుకుంది. గిటారు పొద్దున్నే తీసుకుపోయి గుళ్లో పెట్టాను కాబట్టి దారిలో ఏమీ తెలియలేదు. లోపలికి వెళ్లాక చూసి, నా మోచేతి మీద గట్టిగా గిల్లింది.

సెక్రటరీ స్పీకర్ వైరు సరిచేస్తూ నన్ను చూశాడు.

"కాకా, గిటారు చర్చిల గదా వాయించేది. రాముని గుళ్ల ఏంది?"

"హార్మోనియం మన మిరప చెట్టుకు కాసిందారా? అదీ తెల్లోళ్ల పడవల వచ్చిందే. కూసో."

"సరే తియ్యి. ఒక్క పాట కానియ్యి. తర్వాత స్పీకర్ పెడ్త."

నేను కూర్చుని జి పట్టాను. నాలుగు సార్లు కొట్టాను. మా ఆవిడ తల వంచుకుని కూర్చుంది. మళ్లీ నాలుగు. ఆడవాళ్లు ఆమెనే చూస్తున్నారు. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆమె ఎత్తుకోకపోతే ఎంతసేపైనా సరే, కొడుతూనే ఉంటాను అనుకున్నాను. ఇంకో నాలుగు, ఇంకో నాలుగు. ఎన్నిసార్లు కొట్టానో నాకే తెలియదు. చివరికి తల ఎత్తకుండానే మొదటి మాట పాడింది.

నా వేళ్లు సి కి ఆలస్యంగా వెళ్లాయి. ఇంట్లో ఎప్పుడూ తప్పని చోట తప్పాయి. ఆమె ఆ అక్షరాన్ని వదలకుండా లాగి పట్టుకుంది. నా మూడు వేళ్లూ దిగేదాకా పట్టుకుని, అవి దిగాక తర్వాతి మాటకు వెళ్లింది. అప్పుడు తల ఎత్తి నావైపు చూసింది. అది మెచ్చుకునే చూపు కాదు, 'జల్దీ రారాదా' అన్న చూపు. పైకి పోయే చోటు వచ్చింది. ఆమె ఆ చోటికి నిదానంగా నడిచి వెళ్లింది, నిదానంగానే తిరిగి వచ్చింది. తాళాలు అందుకున్నాయి. ఆడవాళ్లు అందుకున్నారు. స్పీకర్ దగ్గర కూర్చున్న మా సెక్రటరీ కూడా తొడ మీద తాళం వేస్తున్నాడు.

రెండో పాట పాడింది. మూడోది పాడింది. నాకు వచ్చింది అంతవరకే కాబట్టి గిటారు దించబోయాను. వెనక వరసలోంచి, వెనకటికి దమ్ము చాలట్లేదన్న ఆమే, మోకాళ్ల మీద ముందుకు జరిగి వచ్చింది.

"అక్కా, గా పాత హారతి పాట ఎత్తుకోరాదే. నువ్వు పాడక ఎన్ని దినాలాయె."

నాకు ఆ పాటకు కార్డులు తెలియవు. వద్దని సైగ చేశాను. మా ఆవిడ నావైపు చూడనే లేదు. నన్నూ నా ఆరు తీగలనూ లెక్కచేయకుండా, కొంగు సర్దుకుని ఎత్తుకుంది. నేను చెవి రిక్కించి, జి తో వెతకడం మొదలుపెట్టాను. ఆమె ఎటు పోతే అటు మెల్లగా వేళ్లు వేస్తూ, తప్పితే తీగల మీద అరచెయ్యి పెట్టి నోరు మూయిస్తూ వెంటపడ్డాను. మూడు మలుపుల్లో రెండు పట్టుకోగలిగాను. మూడో మలుపు దగ్గర నా మూడు కార్డుల్లో ఏదీ కుదరలేదు, అక్కడ ఉత్త తాళాలే నడిచాయి.

ఆ మూడో మలుపులో ఉన్నది ఏ కార్డో కనుక్కోవడానికి నాకు వారం రోజులు పట్టింది.